జబ్బుకో పేరు

తను బడికి వేసుకెళ్ళే మూడు కుర్తాలు బల్ల మీద పెట్టి, "వీటి గుండీలన్నీ తీసేసి ప్రెస్ బటన్లు వేస్తారా?" అని అడిగింది టీచరు.

దర్జీ మిషను తొక్కడం ఆపింది. వచ్చినామె మెట్ల దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోవడం ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"గుండీలు బాగానే ఉన్నాయిగా?"

"వేళ్ళు పనిచెయ్యట్లేదండీ. పొద్దున లేచాక రెండు గంటల సేపు పిడికిలి ముడుచుకోదు. గుండీలు పెట్టుకోలేక మొన్న బడికి ఆలస్యమైపోయింది. ఊళ్ళో మిగతా ఇద్దరు దర్జీలూ కుదరదన్నారు. అందుకే... ఇక్కడికి రావాల్సొచ్చింది."

దర్జీ ఆ వేళ్ళకేసి చూసింది. కణుపులు ఉబ్బి ఉన్నాయి. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి, కుర్తా మడత విప్పడానికి మణికట్లు వాడుతోంది.

"ఇంట్లో ఏమంటున్నాడు?"

"నాటకాలంటున్నారు."

"పొద్దున లేవలేకపోతే కిటికీ తెరలు బర్రున లాగేసి, ఫ్యాను ఆపేస్తున్నాడా?"

టీచరు తలెత్తి చూసింది. అవునన్నట్టు ఊపి, మళ్ళీ దించేసుకుంది.

దర్జీ ఒళ్ళో బట్ట పక్కన పడేసింది. "కూర్చో. ఇప్పటిదాకా ఎవరెవరికి చూపించుకున్నావో వరసగా చెప్పు."

ఒక డాక్టరు రక్తం తక్కువన్నాడు. ఒకావిడ బుగ్గల మీది ఎర్రమచ్చలకి పూతమందు రాసిచ్చింది. ఇంకొకాయన, పిల్లలు పుడితే అన్నీ అవే సర్దుకుంటాయన్నాడు. నాలుగో డాక్టరు దగ్గరికి భర్త కూడా వచ్చాడు. ఆమె నోరు తెరిచేలోపే "అతిగా ఆలోచిస్తుందండీ, అంతే" అని చెప్పేశాడు. నిద్రమాత్రలతో ఇల్లు చేరారు.

"ఇకమీదట అతన్ని తీసుకురాకు. నేనొస్తా," అంది దర్జీ.

ఆ రోజు నుంచి దర్జీకి కాలు నిలవలేదు. కుట్టాల్సిన యూనిఫారాలు గుట్టపడ్డాయి. ఆమె మాత్రం టీచరుకి ఒక నోటుబుక్కు కొనిచ్చి, ఏ రోజు ఏ కీలు నొప్పెట్టిందో, వేళ్ళు ఎన్నింటికి వదులయ్యాయో అన్నీ రాయమంది. డాక్టర్లు చూసే వేళకి మచ్చలు మాయమైపోతున్నాయని, ఎండలోంచి రాగానే తనే ఫోటోలు తీసింది.

టీచరుకి ఆమెని ఏమని పిలవాలో తెలియలేదు. కొన్నాళ్ళు ఏమీ పిలవలేదు. ఒకసారి రక్తం తీస్తుంటే భయపడి చెయ్యి పట్టుకుని "అక్కా" అంది. ఆ తర్వాత అదే ఉండిపోయింది.

కీళ్ళజబ్బుల డాక్టరమ్మ దగ్గర రెండు నెలల దాకా ఖాళీ లేదన్నారు.

"రెండు నెలలా? ఈ పిల్ల పాదాలు చూశారా? చెప్పులు పట్టట్లేదు!" అని దర్జీ కౌంటరు మీద చరిచింది.

లాభం లేకపోయింది. దాంతో రోజూ ఆసుపత్రి తలుపులు తియ్యకముందే వెళ్ళి కూర్చునేది. ఎవరైనా రాకపోతే ఆ నంబరు ఇమ్మనేది. కౌంటరు అమ్మాయి మొదట్లో విసుక్కుంది. తర్వాత టీ ఇచ్చింది. తొమ్మిదో రోజు నంబరు ఇచ్చింది.

బయట బెంచీ మీద టీచరు కుదురుగా కూర్చోలేకపోయింది.

"ఈవిడ కూడా ఏం లేదంటే?"

"ఇంకొకరి దగ్గరికి పోదాం."

"వాళ్ళూ అదే అంటే?"

"నాకు కాళ్ళున్నాయిగా."

"నాకోసం మీరెందుకక్కా ఇంత..."

"నోరు మూసుకుని నీళ్ళు తాగు."

టీచరుకి నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

డాక్టరమ్మ నోటుబుక్కు ప్రతి పేజీ తిప్పింది. ఫోటోలు దగ్గరగా పెట్టుకుని చూసింది. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "మూత్రంలో నురగ వస్తోందా?"

వస్తోంది. పరీక్షలు రాసింది. నాలుగో రోజు ఇద్దరినీ పిలిపించింది.

"దీనికి పేరుందమ్మా. లూపస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడుతుంది. పూర్తిగా పోదు కానీ, మందులతో అదుపులో ఉంటుంది. అయితే కిడ్నీల దాకా వచ్చేసింది. ఇవాళే ఆసుపత్రిలో చేరాలి."

టీచరు నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నేను నాటకాలాడట్లేదు కదండీ?" అని అడిగి, భోరున ఏడ్చేసింది.

భర్తకి ఫోన్ చేశారు. నాలుగుసార్లు మోగి ఆగిపోయింది. ఐదోసారి అతనే కట్ చేశాడు.

డాక్టరమ్మ గడియారం చూసుకుని, కాగితం దర్జీ వైపు జరిపింది. "కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి. దగ్గరివాళ్ళెవరైనా సంతకం పెట్టాలి. మీరు ఈమెకి అక్కేగా?"

"అక్కని కాదండీ," అంది దర్జీ పెన్ను మూత తీస్తూ, "ఈ అమ్మాయి కోసం వాళ్ళాయన వదిలేసిన మొదటి పెళ్ళాన్ని."