బరువైన స్టీరింగ్

కారు వచ్చి షెడ్డు గోడను గుద్దింది. ఆ చప్పుడుకి మెకానిక్ మరో బండి కిందినుంచి ఒక్క ఉదుటున బయటికొచ్చాడు. గోడను గుద్దింది తన భార్యే. ఇంకా స్టీరింగ్ ముందే కూర్చుని ఉంది.

"అంత గోడ కనబడలేదా?"

"కనబడింది. స్టీరింగే తిరగలేదు. బరువుగా ఉందని నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నానా, లేదా?"

"నేనూ చెబుతున్నాగా, నువ్వు కాస్త గట్టిగా తినాలని!"

ఆ జోకు పాతదే. ఎప్పుడు వేసినా ఆమె నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

"ఊళ్ళో బళ్ళన్నీ మీకు చుట్టాలే. నా కారొక్కటే పరాయిది."

ఆ మాట అతనికి చురుక్కున తగిలింది. చేతిలో పని పక్కన పడేసి ఆమె కారు బానెట్ ఎత్తాడు. టార్చి వేసి, స్టీరింగ్ ఆయిల్ వెళ్ళే గొట్టాన్ని వేలితో నిమిరాడు. క్లిప్పు దగ్గర రబ్బరు పగిలి చెమ్మగా ఉంది. డబ్బాలో ఆయిల్ అడుగంటింది. వంగి బ్రేకు గొట్టాలు కూడా చూశాడు. అవి బాగానే ఉన్నాయి. అవీ పగిలి ఉంటేనో!

"గొట్టాలు చూపించుకోండి, ప్రాణాలు వాటిమీదే ఉన్నాయి" అని వచ్చినవాడికల్లా పాఠం చెప్పే పెద్దమనిషి, సొంత కారు బానెట్ ఎత్తిన పాపాన పోలేదు. అతనికి తలకొట్టేసినట్టయింది.

"తప్పు నాదే," అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పావు! చెవిన పెట్టలేదు."

"పోన్లెండి, ఇప్పటికైనా చూశారు," అంది ఆమె మెల్లగా.

కొత్త గొట్టం బిగించాడు. ఆయిల్ పోశాడు. ఇంజను నడిపి, గాలి బుడగలన్నీ పోయేదాకా స్టీరింగ్‌ని ఆ కొసకీ ఈ కొసకీ తిప్పాడు. చివరికి ఒంటివేలితో తిరిగింది. అతని ప్రాణం తేలికపడింది.

"రా, నువ్వూ తిప్పి చూడు."

ఆమె కూర్చుని పట్టుకుంది. కాసేపు ప్రయత్నించి ఆగిపోయింది.

"ఇంకా బరువుగానే ఉందండీ."

"అలక ఇంకా తీరలేదన్నమాట!" అంటూ నవ్వి, చల్లబరుద్దామని గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆమె కుడిచేతికి అందించాడు.

గ్లాసు ఆమె వేళ్ళలోంచి జారి ఒళ్ళో పడింది. తడిసిన చీరను కాదు, తన చేతిని చూసుకుంటూ అంది ఆమె.

"ఇదీ బరువుగానే ఉందండీ."