నాలుగు బెల్టులు

వ్యాన్ వెనక తలుపు దడాలున మూసుకుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న చలపతిరావు కిందికి చూశారు.

కుర్చీ కదలకుండా పట్టి ఉంచాల్సిన బెల్టులు నాలుగు. ముందు రెండు, వెనక రెండు. డ్రైవర్ తిరుపతి ముందువి తీసి కుర్చీ చక్రాలకు తగిలించాడు. వెనకవి చుట్టచుట్టుకుని సీటు కింద పడున్నాయి, వాటి జోలికే పోలేదు. మనిషికి పెట్టాల్సిన సీటు బెల్టు పక్కన ఊరికే వేలాడుతోంది.

తిరిగే చక్రానికి కడితే కట్టినట్టా? ఫ్రేముకు కట్టాలి. నాలుగు మూలలా కట్టాలి. ఆ పైన మనిషికి వేరే బెల్టు పెట్టాలి. రవాణా శాఖలో అధికారిగా పనిచేసిన చలపతిరావుకు ఇదంతా కొట్టిన పిండి. చెప్పడానికే నోరు లేదు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యినీ, కాలునీ, మాటనూ పట్టుకుపోయింది. ఎడమచేత్తో రాయబోతే కోడి కెలికినట్టు గీతలే.

"బ... బ..." అంటూ కిందికి చూపించారు.

"కాళ్లు లాగుతున్నాయా అండీ?" అంటూ భార్య ఉమ వంగి కాళ్లు సర్దింది.

మళ్లీ చూపించారు. నీళ్లు తాగించింది. మళ్లీ చూపించారు. శాలువా కప్పింది. ఆవిడ ప్రేమకు లోటు లేదు, అర్థం కావడమే లేదు. చలపతిరావుకు ఏడుపొచ్చింది.

నాచారం నుంచి ఉప్పల్‌లో ఫిజియోథెరపీకి వెళ్లాలి. ఎంతో దూరం లేదు. కానీ దారిలో ఎన్ని ఆటోలు అడ్డొస్తాయో! ఒక్క బ్రేకు గట్టిగా పడితే తన తల వెళ్లి ముందు సీటు ఇనప కడ్డీకి... ఆ పైన ఆలోచించలేక కళ్లు మూసుకున్నారు.

హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డంగా దూరింది. తిరుపతి బ్రేకు తొక్కాడు. కుర్చీ సర్రున ముందుకు జారింది. మోకాళ్లు సీటుకు కొట్టుకున్నాయి. తల కడ్డీకి జానెడు దూరంలో ఆగింది.

"అయ్యయ్యో!" ఉమ గొల్లుమంది.

తిరుపతి బండి పక్కకు ఆపి, దిగొచ్చి కుర్చీని వెనక్కి జరిపాడు. ఇప్పుడైనా తెలుసుకుంటాడేమోనని చలపతిరావుకు ఆశ. ఎడమచేత్తో చక్రాన్నీ, ఫ్రేమునూ మార్చి మార్చి తట్టారు. తిరుపతి బుద్ధిగా తలూపాడు. మళ్లీ అదే చక్రానికి తగిలించి ఇంకాస్త బిగించాడు.

"ఫికర్ జెయ్యకున్రి సార్. ఈసారి మస్తు టైట్ జేసిన."

"నీకిది ఎవరైనా నేర్పారా బాబూ?" ఉమ అడిగింది.

"గట్లంటరేందమ్మా! ట్రైనింగ్ అయింది. రెండు దినాలన్నరు గని గంటలనే అయిపోయింది. సమోసాలు వెట్టిన్రు, ఫోటో దింపిన్రు. కాగితాల మీద సంతకాలు ముందుగాలనే అయినయ్. మా పేర్లు రాసి ఇచ్చిన్రు."

అద్దానికి వేలాడుతున్న సర్టిఫికెట్ అట్టను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఉమ దగ్గర కళ్లజోడు లేదు. రంగు అంచునూ, గుండ్రటి ముద్రనూ చూసి ఊపిరి పీల్చుకుంది.

"ముద్ర కూడా ఉందండీ. మీరు ఊరికే బెంబేలు పడుతున్నారు" అంటూ దాన్ని భర్త ఒళ్లో పెట్టింది.

వ్యాన్ ఉప్పల్ వైపు కదిలింది. చలపతిరావు ముందు సీటును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, తల వంచి చదివారు. చక్రాల కుర్చీలోని వారిని వాహనంలో సురక్షితంగా తీసుకెళ్లడంలో తిరుపతి రెండు రోజుల శిక్షణ పూర్తిచేశాడని రాసి ఉంది.

కింద ఆకుపచ్చ సిరాతో ఉన్న సంతకం చలపతిరావుదే.