రెజిస్ మెత్తగా పాడిన రోజు

"ఈ ముసలివాళ్లలో ఒక్కరి కాలు పాటకి తాళం వేసినా చాలు, నీ రికార్డు విడుదల చేయిస్తాను. ఒక్కటీ కదలకపోతే మాత్రం దాన్ని మర్చిపోయి, బుద్ధిగా మళ్లీ రాక్ పాటలు పాడాలి. సరేనా?" అంది కొరీన్.

"సరే" అన్నాడు రెజిస్ దెల్మోత్.

కారు ఫ్రాన్సులో లాన్స్ అనే ఊళ్లోని వృద్ధాశ్రమం ముందు ఆగింది. కొరీన్ రికార్డు కంపెనీ మనిషి, రెజిస్‌కి పాత స్నేహితురాలు. నాజూకు మాటలు ఆమెకి రావు. పాత ప్రేమ పాటలు కొనేది ముసలివాళ్లేననీ, వాళ్లకే నచ్చకపోతే ఇంకెవరికీ నచ్చవనీ ఆమె వాదన. అందుకే ఈ పరీక్ష పెట్టింది.

రెజిస్ రాక్ గాయకుడు. మైకు ముందు నిలబడి గొంతు చించుకోవడమే అతని బతుకుతెరువు. ఇన్నేళ్లుగా జనం అతని అరుపు విన్నారు, గొంతు మాత్రం వినలేదు. ఆ దిగులు అతన్ని లోలోపల తినేస్తోంది. అందుకే వాళ్లమ్మ ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీసిన పాటలన్నీ ఏరి, వాటికి నాలుగు దేశాల పాత మధుర గీతాలు కలిపి, కొత్త రికార్డు చేశాడు. దాంట్లో ఒక్క అరుపూ లేదు.

గుమ్మంలోనే అతని నిలువెత్తు పోస్టరు ఉంది. వెనకటి ఫొటో. నోరు కొండచిలువలా తెరిచి ఉన్నాడు.

"ఇదెందుకు పెట్టారు?" అని నొచ్చుకున్నాడు.

"ఏం పాడతారో చెప్పొద్దన్నారుగా! మా దగ్గర ఇదొక్కటే దొరికింది" అంది ఆశ్రమం చూసుకునే మదాం ఫ్లోరిమోన్. "అయినా, మా కిటికీ అద్దాలకేం కాదు కదండీ?"

"మీరే చూస్తారుగా!" అని నవ్వాడు.

హాలు నిండిపోయింది. జనవరి కాబట్టి ఆనవాయితీ ప్రకారం బల్లల మీద రాజుల కేకులు పెట్టారు. ఎవరి ముక్కలో పింగాణీ బొమ్మ వస్తే వాళ్లకే కాగితం కిరీటం. ముసలివాళ్లంతా అతన్ని చూసి ముచ్చటగా నవ్వారు. కొరీన్ మూల కుర్చీలో కూర్చుని బల్లల కింద కాళ్ల వైపే చూపు నిలిపింది.

రెజిస్ గిటారు మీటుతూ కళ్లు మూసుకుని మొదటి పాట ఎత్తుకున్నాడు. పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు పాడాడు.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

రెండో పాట ఇంకా మెత్తగా అందుకున్నాడు. ప్రియురాలు రైలెక్కి వెళ్లిపోయే చరణం. సరిగ్గా అక్కడ ముందు వరసలో ఒకావిడ పక్కావిణ్ణి పొడిచి, చెవిలో గట్టిగా అడిగింది.

"ఆ జుట్టు నిజమైందేనంటావా?"

"నిజమైందే. విగ్గయితే ఇంకాస్త బాగుండేది!"

రెజిస్ పళ్లు కొరుక్కున్నాడు. అయినా ఆపలేదు. మూడో పాటలో అన్నిటికంటే కష్టమైన సంగతి పలికించాడు. హాలంతా చప్పట్లు! ప్రాణం లేచొచ్చి కళ్లు తెరిచాడు. ఒక తాతగారికి కేకులో బొమ్మ దొరికింది. అందరూ ఆయనకి కిరీటం పెడుతున్నారు.

కొరీన్ వైపు చూశాడు. ఆమె జాలిగా తల అడ్డంగా ఊపింది.

ఆఖరి పాట అయిపోయింది. "ఎలా ఉన్నాయండీ?" అని బతిమాలుతున్నట్టు అడిగాడు. అందరి మొహాల్లో అదే ముచ్చటైన నవ్వు. ఆ నవ్వు చూసేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది. గిటారు శబ్దం పెంచే మీట చివరికంటా తిప్పాడు. తన పాత పాటల్లో అన్నిటికంటే మొరటుదాన్ని అందుకుని, ఉన్న కసంతా పెట్టి అరిచాడు.

హాలు ఒక్కసారిగా లేచి కూర్చుంది!

కిరీటం తాతగారు చేతికర్రతో బల్ల మీద దరువేశాడు. జుట్టు గురించి అడిగినావిడ లేచి నడుం ఊపింది. పక్కావిడ తన చక్రాల కుర్చీని గిరగిరా తిప్పింది. బల్లల కింద ఒక్క కాలూ ఊరికే లేదు. అద్దాలు నిలబడ్డాయో లేదో అని మదాం ఫ్లోరిమోన్ కిటికీల వైపు పరుగెత్తింది.

పాట ఆగాక రెజిస్ స్టేజీ మీదే చతికిలబడ్డాడు.

"పందెం పందెమే" అంది కొరీన్ పక్కన కూర్చుంటూ. "నాకూ బాధగానే ఉందిరా. కానీ నువ్వే చూశావుగా."

"చూశాను. నా గొంతు ఎవరికీ అక్కర్లేదు. ఫోన్ చెయ్యి."

ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. పాత పాటల రికార్డు ఆపేయమనీ, రెజిస్ మళ్లీ అరుస్తాడనీ చెప్పింది. అవతల వాళ్లు సంబరపడిపోయారు.

అంతలో జుట్టు గురించి అడిగిన ఉగెత్ బామ్మ చేతిలో కేకు ముక్కతో వచ్చింది. అతని బుగ్గలు రెండూ ముద్దాడి, ముక్క చేతిలో పెట్టింది.

"నా పాటలు అంత బాలేవా బామ్మా?" అని అడిగాడు రెజిస్.

ఆవిడ అతని పెదవుల కేసి కాసేపు చూసి, నవ్వి, హాలంతా మోగేలా అంది:

"ఏమనుకోకు బాబూ, నీ పోస్టరు చూసి హడలిపోయి మేమంతా చెవి మిషన్లు గదుల్లోనే తీసిపెట్టి వచ్చాం, ఆ ఆఖర్న అరిచిందొక్కటే వినబడింది!"