నీళ్లు వదిలారు

పైన డ్యామ్ దగ్గర కూత మూడుసార్లు మోగింది.

రాయిస్ గబగబా గేలం చుట్టేశాడు. ఆ కూతకు అర్థం ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కరెంటు కోసం గేట్లు ఎత్తారు. ఇరవై నిమిషాల్లో నీళ్లు ఈ మలుపు దగ్గరికి వచ్చేస్తాయి. ఇప్పుడు మోకాళ్ల కిందే పారుతున్న నది అప్పుడిక మనిషిని నిలబడనివ్వదు.

"పదండి మేడమ్, దుకాణం కట్టేద్దాం," అని కేకేశాడు.

నది మధ్యలో ఉన్న లొరెట్టా కదల్లేదు. "నువ్వు నడువు. వెనకే వస్తా," అంది.

పొద్దున్నించీ అన్నీ ఇలాగే ఆలస్యం. అమెరికాలోని ఈ ఆర్కాన్సా కొండల్లో జనవరి చలంటే మాటలు కాదు. గేలం కర్రకున్న వలయాల్లో మంచు గడ్డకడుతుంది. దాన్ని నోటి ఆవిరితో కరిగించి, ఈకలతో కట్టిన ఎరను మళ్లీ విసరాలి. చలికాలంలో ట్రౌట్ చేపకు ఒళ్లంతా బద్ధకమే, ఎర మూతి ముందుకొస్తే తప్ప నోరు తెరవదు. రెండు గంటలసేపు నిలబడితే ఒక్కటి పడింది, అదీ లొరెట్టాకే.

మొదటి చేప పడగానే పెళ్లి మాట ఎత్తాలనుకున్నాడు రాయిస్. తీరా పడ్డాక నోరు పెగల్లేదు. యాభై ఎనిమిదేళ్లవాడు, భార్య పోయి తొమ్మిదేళ్లయినవాడు, బడిపిల్లాడిలా బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

లొరెట్టా ఆ ఊరి పోస్టాఫీసుకు బదిలీ మీద వచ్చి ఆరు వారాలైంది. శనివారం డాన్సుకు పిలిస్తే రానంటే రానంది గానీ, ఈ గడ్డకట్టే నదిలోకి మాత్రం పిలవకుండానే వచ్చింది. ఆమె నవ్వు విన్నాక రాయిస్‌కు తన ఇల్లు మరీ బోసిగా కనబడుతోంది. ఇవాళ అడక్కపోతే ఇక జన్మలో అడగలేడు.

"ఇరుక్కున్నావా ఏంటి?"

"కొంచెం."

"కొంచెం అంటే?"

"బూటు రాళ్లలో దిగబడింది. నేను చూసుకుంటాలే. నువ్వు ఒడ్డుకెళ్లు."

వెళ్తాడా ఏమన్నానా. నీళ్లు చిమ్ముకుంటూ ఆమె దగ్గరికి వచ్చి, చేతులు నదిలో ముంచాడు. ఎముకలు జివ్వుమన్నాయి. రెండు బండల మధ్య చీలికలోకి బూటు పిక్క దాకా దూరిపోయింది. లేసుల ముడి ఎక్కడో రాతి అడుగున ఉంది. లాగాడు, తిప్పాడు. నదిలో ఊతానికని ఆమె తెచ్చుకున్న చేతికర్రను సందులో పెట్టి బండను ఎత్తబోతే కర్ర పుటుక్కున విరిగింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"కాలి వేళ్లు కదులుతున్నాయా?"

లొరెట్టా తల అడ్డంగా ఊపింది. చలికి కాలు అప్పుడే మొద్దుబారిపోయిందన్నమాట.

నీళ్ల రంగు మారింది. ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. చూస్తుండగానే నది మోకాళ్లు దాటింది. మంగళవారం పూట ఆ చుట్టుపక్కల నరమానవుడు లేడు. అక్కడ ఫోన్లు పనిచెయ్యవు.

"రాయిస్, నా మాట విను. నీ నడుముకున్న కత్తి నాకిచ్చి ఒడ్డుకెళ్లు. వెనక్కి తిరిగి చూడకు."

అది చేపల కడుపు కోసే కత్తి. దాంతో ఆమె ఏం చెయ్యబోతోందో తట్టేసరికి రాయిస్ వెనక్కి జరిగాడు. పిడి మీద చెయ్యి గట్టిగా బిగించాడు.

"మతిగాని పోయిందా నీకు? నేనివ్వను."

"ఇస్తే బతుకుతాను."

"నెత్తురు కారి చస్తావు."

"నాకేం కాదు. నువ్వు చూస్తుంటే మాత్రం చెయ్యలేను. వెళ్లవయ్యా బాబూ, నీకు దణ్ణం పెడతా."

ఆమె కళ్లలో నీళ్లు చూడడం అతనికి అదే మొదటిసారి. వెళ్లలేదు. ఆమెకు ఎగువన అడ్డంగా నిలబడి, వరద తాకిడికి తన వీపు ఒప్పగించి, రెండు చేతులతో ఆమెను పట్టుకున్నాడు. నీళ్లు తొడల మీదికొచ్చాయి. ఒకసారి అతని కాలు జారింది. లొరెట్టా కాలర్ పట్టుకుని లాగకపోతే కొట్టుకుపోయేవాడే.

"ఈత కూడా సరిగా రాదన్నావు కదా."

"రాదు."

"మరి ఇక్కడెందుకయ్యా నిలబడ్డావు?"

"పెళ్లి చేసుకుందామని," అన్నాడు రాయిస్. ఎలా అడగాలా అని వారం రోజులుగా కూడబలుక్కున్నదంతా పోయి, ఆ ముక్కే మిగిలింది. "పొద్దున్నించీ అడుగుదామనే చూస్తున్నా."

లొరెట్టా అతని మొహంలోకి చూసింది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"ఒకాయన ఇలాగే అన్నాడు. నా సంగతి తెలిశాక మళ్లీ కనబడలేదు."

"అతని సంగతి నాకెందుకు?"

నది ఇద్దరినీ కలిపి ఒక ఊపు ఊపింది. నీళ్లు నడుము తాకాయి. ఇంకో జానెడు పెరిగితే ఇద్దరూ పోతారు. అది ఆమెకూ తెలుసు.

"కత్తి ఇవ్వు రాయిస్. అయ్యాక కూడా అడగాలనిపిస్తే, అప్పుడడుగు."

కత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నెత్తురు ఆపడానికి తొడకు కట్టాలని తన నడుము పట్టీ ఊడదీసి పళ్ల మధ్య పట్టుకున్నాడు. ఆమె వంగింది. అతను ఆమెను గట్టిగా పొదివి పట్టుకుని, కళ్లు మాత్రం మూసుకోలేకపోయాడు.

లొరెట్టా మోకాలి కింద నీళ్లలో తడవకుండా తొడుక్కున్న రబ్బరు ప్యాంటును పర్రున చీల్చి, లోపల చిన్న బటనొకటి నొక్కి, పదకొండేళ్లుగా తగిలించుకుంటున్న పెట్టుడు కాలిని ఆ రాళ్లకే వదిలేసి, ఒంటికాలితో అతని మెడ పట్టుకుంది.