పాస్టరు కోసం వాకబు

“ఆయన ప్రసంగం మొదలుపెడితే దేవుడికి కూడా కునుకు పట్టేస్తుంది. మీకెందుకండీ ఆయన?” అంది ఆమె, చర్చి మెట్ల మీద కూర్చుని పాస్టరుగారి తెల్ల అంగీకి పడ్డ చిరుగు కుడుతూ.

తమ సంఘానికి కొత్త పాస్టరుని వెతుకుతూ వాకబుకి వచ్చిన టైలరూ, రిటైరైన టీచరమ్మా మొహమొహాలు చూసుకున్నారు. పొద్దున్నుంచీ వాళ్ళడిగిన నాలుగో మనిషి ఈమె. నలుగురిదీ ఒకటే పాట.

“పోనీ, పాటలైనా బాగా పాడతారా?” అడిగింది టీచరమ్మ.

“ఆయనకంటే కాకులు నయం. పైగా ముక్కోపి. నిన్న మా ఆయన్ని నడివీధిలో చెడామడా తిట్టారు.”

“ఎందుకు?” అన్నాడు టైలరు.

“ఒంట్లో జ్వరం పెట్టుకుని పనికి బయల్దేరాడని.” అనేసి నాలిక్కరుచుకుంది. వెంటనే గొంతు పెంచింది. “లోకంలో ఇంకెవరూ దొరకలేదా మీకు? వచ్చిన దారినే వెళ్ళండి.”

గేటు దాటగానే టీచరమ్మ పేర్ల జాబితా, పెన్నూ తీసింది. “ఈ పేరు కొట్టేస్తున్నా. సొంత సంఘమే ఇలా దుమ్మెత్తి పోస్తుంటే ఇంకేం మనిషి?”

“ఆవిడ కుట్టు చూశారా? పెళ్ళిబట్టలు కూడా నేనంత సన్నంగా కుట్టను.”

“కుట్టుకీ దీనికీ ఏమిటయ్యా సంబంధం?”

టైలరు వెనక్కి చూశాడు. ఆమె వాళ్ళకేసే గుర్రుగా చూస్తూ, ఎవరో లాక్కుపోతారన్నట్టు అంగీని ఒళ్ళోకి అదుముకుంది.

“మన పాస్టరు పీడ వదిలించుకోడానికి, ఆయన్ని ఆకాశానికెత్తుతూ పక్క సంఘానికి మూడు పేజీలు రాశాం కదమ్మా,” అన్నాడు. “చేతిరాత మీదే.”