అల్మరా వెనక పైపు

ఈ మేడలోని పద్నాలుగు ఇళ్లనూ నిలువునా మోసగించింది ఎలక్ట్రీషియన్ అయిన మా బాబాయే.

గ్యాసు పైపులోకి పొరపాటున కరెంటు వస్తే కాపాడాల్సినది పచ్చ ఎర్తు వైరు. దాన్ని ఆయన అసలు పైపుకు బిగించలేదు. ప్రతి ఇంట్లోనూ సింకు కింద కోసి వదిలేసిన పాత పైపు ముక్కకు బిగించి, పని పూర్తయిందని సంతకం పెట్టాడు. అసలు పైపు వంటింటి అల్మరా వెనక ఉంది.

ఈ ఉదయం అమ్మ ఒక చెయ్యి ఆ పైపుకు కలిపిన స్టవ్వు మీద ఉంచి కుళాయి తిప్పింది. నేను పరుగున వెళ్లి మేడ మెయిన్ ఆపేదాకా కరెంటు ఆమెను వదల్లేదు. ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు.

అక్కడి వరండాలోనే బాబాయి చొక్కా పట్టుకున్నాను.

"పద్నాలుగు కుటుంబాల ప్రాణాలు నీకు ఆటగా ఉన్నాయా?"

"ఉపన్యాసం ఆపరా. అల్మరా విప్పితేగానీ పైపుకు చెయ్యి అందదు. ఎవరు విప్పనిచ్చారు?"

"నువ్వు అడిగితే కదా!"

"ఇంటింటికీ తిరిగి అడిగా. మీ ఇంట్లో తలుపు తీసింది నువ్వే. చేతిలో ఏదో కరపత్రం. 'కొత్త అల్మరా బాబాయ్, గీత పడితే అమ్మ చంపేస్తుంది. కనబడేచోట ఎక్కడో తగిలించి పో' అన్నావు."

అన్నాను. చదువుతున్న కరపత్రంలోంచి తలెత్తకుండానే అన్నాను.

కరెంటు ఏ ఇంటినుంచి పైపులోకి దిగుతోందో ఇంకా తేలలేదు. అది తేలేదాకా మెయిన్ వెయ్యనివ్వను. మీరంతా ఎంత తిట్టుకున్నా సరే. సాయంత్రం ఆరింటికి పద్నాలుగు ఇళ్లవాళ్లూ కింద మీటర్ల దగ్గరికి రండి. బాబాయి వస్తాడు. మొదట మా అల్మరానే పగలగొడతాం.