రెండిళ్ళ పందిరి

వంటింటి గట్టు మీద, మిక్సీ పక్కన, గాజుపెట్టెలో పైడిరాజు కొత్త చర్మం పెరుగుతోంది. షామియానాలు అద్దెకిచ్చే అతని కుడి అరచెయ్యి ఓ పెళ్ళిలో గాడిపొయ్యి తగిలి కాలిపోయింది. అప్పట్నుంచీ భార్య నూకాలమ్మే అతనికి అన్నం తినిపిస్తోంది.

ఓ ఉదయం ఆమె పెట్టెకున్న భూతద్దంలోకి తొంగిచూసింది. ఒక కణంలో ప్రోటీన్ల సరుకు సర్ది పంపే గాల్జీ అనే గది ముక్కలు ముక్కలైపోయింది.

"ఓలమ్మో, పాడైపోనాదయ్యా! పారబోసెయ్యనా?"

"ఆగెహె! ఒక కణం రెండవతంది. ఇప్పకుండా ఒక్క పందిరి రెండిళ్ళకి ఎలా ఏత్తాం? ఇప్పినప్పుడు గుంజలకి చుట్టిన పీలికలు తీత్తేనే మళ్ళీ నిలబడతాది. చుక్కలెయ్యి."

ఆమె మందు చుక్కలు వేసింది. గుంజలకి పీలికల్లా ప్రోటీన్లకు అంటుకున్న ఎసిటైల్ అనే రసాయనపు తునకల్ని అవి ఊడదీశాయి. వంట అయ్యేసరికి రెండు కణాల్లోనూ గాల్జీ గదులు నిలబడ్డాయి. నూకాలమ్మ పెట్టెకు దణ్ణం పెట్టింది.

అరచేతికి వేసిన కొత్త చర్మం అతికి కట్టు విప్పిన రోజు, పైడిరాజు పొగలు కక్కే అన్నం ఆ చేత్తోనే కలిపి, మొదటి ముద్ద నూకాలమ్మ నోటికందిస్తూ పకపకా నవ్వాడు.

"ఓలమ్మీ, చెయ్యి చురుక్కుమంటందే!"